తడిసున్నం పొడిగా ఉంటుంది, చల్లారినా కాలుస్తుంది: సున్నం మీద అపోహలు - వాస్తవాలు

నీటి శుద్ధి ప్లాంటులో కెమిస్టుని. సగం రోజు సున్నంతోనే గడిచిపోతుంది. కొత్తగా చేరిన కుర్రాళ్ల దగ్గర్నుంచి తలపండిన పెద్దాయనల దాకా అందరూ నాతో అనే మాట ఒకటుంది: "చల్లారిన సున్నమే కదా సార్, ఏం కాదు." ఈ నెలలో మూడోసారి విన్నాను. అందుకే ఇది రాస్తున్నాను, ఎక్కడైనా గొంతు పెరిగితే ఏమనుకోకండి.

నిజానికి తప్పు వాళ్లది కాదు, పేర్లది. పుస్తకం ప్రకారం పొడిసున్నం అంటే కాల్షియం ఆక్సైడ్, తడిసున్నం అంటే కాల్షియం హైడ్రాక్సైడ్. మొదటిదానికి నీళ్లు కలిపి రెండోదిగా మార్చడాన్నే సున్నం చల్లార్చడం అంటారు. తీరా స్టోర్‌లోకి వెళ్లి చూస్తే పొడిసున్నం గడ్డలుగా ఉంటుంది, తడిసున్నమేమో సంచిలో మెత్తటి పొడి! చెయ్యి పెడితే తడే తగలదు. ఎందుకంటే 56 గ్రాముల ఆక్సైడ్ 18 గ్రాముల నీటిని మింగేసి 74 గ్రాముల హైడ్రాక్సైడ్ అయి కూర్చుంది, అక్కడ నీరు నీరుగా లేదు. పైగా ఆ ఆక్సైడ్ గడ్డ చూడ్డానికి అచ్చం సున్నపురాయిలాగే ఉంటుంది. సుమారు 900 డిగ్రీల సెల్సియస్‌లో కాలిస్తే 100 కిలోల రాయిలో 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా ఎగిరిపోతాయి, ఆకారం మాత్రం దాదాపు అలాగే నిలబడుతుంది. చేత్తో ఎత్తితేనే తెలుస్తుంది, అనుకున్నదానికంటే తేలిగ్గా వచ్చేస్తుంది.

దాన్ని రాయనుకుని మగ్గుడు నీళ్లు పోశారా, అయిపోయింది. కిలో ఆక్సైడ్ పూర్తిగా చల్లారేటప్పుడు వచ్చే వేడి, ఎటూ పోకుండా ఆపగలిగితే, మూడు లీటర్ల పైచిలుకు నీళ్లను మరిగించగలదు. ఆ వేడంతా మీరు పోసిన ఆ కాసిన్ని నీళ్లలోనే దిగితే అవి కుతకుతలాడి మొహం మీదికి చిమ్ముతాయి. ఎక్కువ నీళ్లు తీసుకుని అందులో సున్నాన్ని కొద్దికొద్దిగా వెయ్యాలి, సున్నం మీద నీళ్లు కుమ్మరించకూడదు.

ఇదంతా చాలామందికి తెలుసు, భయం కూడా ఉంది. అసలు గొడవ దీని తర్వాతే. పొగలు ఆగాయి, డ్రమ్ము చల్లబడింది, ఇక ప్రమాదం లేదనుకుంటారు. చల్లారింది వేడి అండీ, క్షారం కాదు! డ్రమ్ములో ఉన్నది హైడ్రాక్సైడ్, దాని సంతృప్త ద్రావణం (ఇక కరగనంతగా సున్నం కరిగిన నీళ్లు) పీహెచ్ 12.4 దగ్గర ఉంటుంది, అంటే ఘాటైన క్షారమే, వారం తర్వాత మూత తీసినా అంతే. మొన్నొక కుర్రాడు రాత్రంతా చల్లబడిన సున్నపు పాలలో గ్లవ్స్ లేకుండా చెయ్యి పెట్టి వాల్వ్ సరిచేశాడు. "ఏం కాలేదు సార్, కాస్త జారుతోందంతే, సబ్బు రాసినట్టుంది" అన్నాడు నవ్వుతూ. సబ్బే బాబూ అది, నీ చర్మం మీది కొవ్వు క్షారంతో కలిసి అయిన సబ్బు! మర్నాటికి వేళ్లు పగిలి నెర్రెలిచ్చాయి. అతన్ని తిట్టే అర్హత నాకు మాత్రం ఎక్కడుంది, ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఒలికిన సున్నంలో మోకాలు ఆనించి పని చేసుకుపోయాను. ప్యాంటు తడిసింది, మంట లేదు కాబట్టి పట్టించుకోలేదు. రెండు గంటల తర్వాత మొదలైంది అసలు మంట. ఆ మచ్చ ఇంకా ఉంది.

చర్మం సంగతి సరే, కన్నైతే ఆలోచించే టైమే ఉండదు. ఆమ్లం పడితే పైపొరలోని ప్రోటీన్ గడ్డకట్టి కొంతవరకైనా అడ్డుపడుతుంది, క్షారం అలా కాదు, కొవ్వును కరిగించుకుంటూ లోపలికి దిగిపోతుంది. క్షారానికి ఆమ్లం విరుగుడు కదా అని వెనిగర్ పొయ్యడం, నిమ్మరసం పిండడం చేశారో, ఉన్న గాయానికి ఇంకో గాయం చేర్చినట్టే. రెప్పలు విప్పి పట్టుకుని, మామూలు నీళ్లు ధారగా కనీసం 15-20 నిమిషాలు పోస్తూనే ఉండాలి, రెప్పల కింద పలుకులు దాక్కుంటాయి కాబట్టి అక్కడా కడగాలి, ఆ వెంటనే ఆస్పత్రి. ఒంటి మీద పొడి పడితే మాత్రం ముందు దులిపి, తర్వాత బాగా కడగాలి.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

"సున్నపుతేటలోకి ఊదితే పాలలా అవ్వాలి, మాది మళ్లీ తేటపడిపోయింది, ప్రయోగం ఫెయిలా?" అని అడుగుతారు పిల్లలు. ఫెయిల్ కాదు, ఎక్కువసేపు ఊదారు. ముందు ఏర్పడిన తెల్లటి కాల్షియం కార్బొనేట్ (సున్నపురాయిలో ఉండేదే) ఇంకాస్త కార్బన్ డయాక్సైడ్ అందేసరికి బైకార్బొనేట్‌గా మారి కరిగిపోయింది. మరిగించి చూడండి, తెలుపు తిరిగొస్తుంది.

కెటిల్ అడుగున పేరుకునేదీ ఆ తెలుపే. మా పిన్ని అది చూసి కిడ్నీలో రాళ్లొస్తాయేమోనని టెన్షన్ పడి రాత్రి పదింటికి ఫోన్ చేసింది. పిన్నీ, అది కార్బొనేట్, కిడ్నీ రాళ్లలో ఎక్కువ శాతం కాల్షియం ఆక్సలేట్, రెండూ వేరు. ఆ పొర కాస్త కడుపులోకి పోయినా అక్కడి ఆమ్లంలో కరుగుతుంది, కొన్ని యాంటాసిడ్ మాత్రల్లో ఉండేదీ కార్బొనేటే. ఇదివరకే రాళ్లున్నవాళ్లు మాత్రం కెటిల్‌ని కాదు, డాక్టర్‌ని అడగాలి.

"నీళ్లలో కాల్షియం ఎక్కువైందంటూ మళ్లీ సున్నమే కలుపుతారేంటి?" అనేది ప్లాంటు చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ల ప్రశ్న. నీళ్లలో కరిగున్న బైకార్బొనేట్‌కి సున్నంలోని హైడ్రాక్సైడ్ తగిలితే నీళ్లలోని కాల్షియం, మనం వేసిన కాల్షియం రెండూ కార్బొనేట్‌గా మారి అడుక్కి దిగుతాయి. లెక్క తప్పి ఎక్కువ వేస్తే మాత్రం ఆ మిగులు నీళ్లలోనే ఉండిపోతుంది.

సున్నపు పూత గట్టిపడటాన్ని ఆరడం అంటారు. ఆరడం అందులో సగమే, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని మెల్లగా మళ్లీ రాయి కావడం మిగతా సగం. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ దీనికి చుట్టం కాదు, అది కాల్షియం సల్ఫేట్, పోగొట్టుకున్న నీటిని తిరిగి పట్టుకుని గట్టిపడుతుంది.

ఈ గాలి పని సంచిలోనూ జరుగుతుంది, దాన్నెవరూ నమ్మరు. ఒక ఆపరేటర్ ఎంత సున్నం వేసినా పీహెచ్ పెరగట్లేదని రెండు రోజులు మీటర్‌నే తిడుతూ కూర్చున్నాడు. వెళ్లి చూస్తే, ఎప్పటిదో మూతి కట్టని సంచి. చెంచాడు పొడి తీసి సజల హైడ్రోక్లోరికామ్లం రెండు చుక్కలు వేస్తే బుసబుసమని పొంగింది, అలా పొంగేది కార్బొనేట్. సంచి మీద హైడ్రాక్సైడ్ అనే ఉంది. లోపలున్నదాంట్లో ముప్పాతిక మాత్రం ఎప్పుడో సున్నపురాయి పిండి అయిపోయింది.