ఉష్ణ నిరోధం: అంకె కంటే ముందు యూనిట్ చదవండి

ఇన్సులేషన్ పలకలు, హీట్‌సింక్‌ల (పరికరాల వేడిని బయటికి పంపే లోహపు భాగాల) లెక్కలు చూడటం నా పని. నా దగ్గరకు వచ్చే తప్పుడు లెక్కల్లో చాలావాటికి గుణకారం కారణం కాదు. యూనిట్‌లో వైశాల్యం దాగి ఉందో లేదో చూడకపోవడమే కారణం.

అపోహ: ఉష్ణ నిరోధం ఒకటే, యూనిట్లే వేరు.

వాస్తవం: రెండు వేర్వేరు రాశులను మనం ఒకే పేరుతో పిలుస్తున్నాం. కెల్విన్/వాట్ అనేది ఆ వస్తువు మొత్తానికి చెందినది: దాని గుండా ఒక వాట్ వేడి ప్రవహిస్తే రెండు వైపుల మధ్య ఎన్ని డిగ్రీల తేడా వస్తుందో చెబుతుంది. గోడలకు వాడే ఆర్ విలువ చదరపు మీటర్-కెల్విన్/వాట్. అది పదార్థానికీ దాని మందానికీ చెందినది. వైశాల్యంతో భాగిస్తేనే మొదటిది వస్తుంది. వైశాల్యం తెలియకుండా ఒకదాన్ని మరొకదానిగా మార్చే గుణకం లేనే లేదు.

ట్రాన్సిస్టర్ కింద పెట్టే ప్యాడ్ దగ్గర ఈ తేడా బాగా దెబ్బ తీస్తుంది. దాని వివరాల పత్రంలో 0.5 డిగ్రీ-చదరపు అంగుళం/వాట్ అని ఉందనుకుందాం. 20 వాట్లకు 10 డిగ్రీలే పెరుగుతుందని సంతోషిస్తారు. కానీ తాకే వైశాల్యం పావు చదరపు అంగుళమే అయితే నిరోధం 2 డిగ్రీలు/వాట్ అవుతుంది, పెరుగుదల 40 డిగ్రీలు. పరికరం బతకడానికీ కాలిపోవడానికీ మధ్య అంతరం చాలాసార్లు ఇంతే.

అపోహ: సెల్సియస్/వాట్‌ను కెల్విన్/వాట్‌గా మార్చాలంటే 273 కలపాలి.

వాస్తవం: ఏమీ కలపనక్కర్లేదు, రెండూ సమానం. ఇక్కడున్నది ఉష్ణోగ్రత కాదు, ఉష్ణోగ్రతల తేడా. ఫారెన్‌హీట్‌కూ అంతే: 32 ఊసే రాదు, 1.8 గుణకం ఒక్కటే వస్తుంది.

అపోహ: ఆర్ 13 ఉన్న పలక ఆర్ 2.3 ఉన్న పలక కంటే ఎన్నో రెట్లు మేలు.

వాస్తవం: రెండూ దాదాపు ఒకటే కావచ్చు. అమెరికాలో ఆర్ విలువను చదరపు అడుగు-ఫారెన్‌హీట్-గంట/బీటీయూలో (బీటీయూ అక్కడ వేడిని కొలిచే యూనిట్) ఇస్తారు. దాన్ని 5.678తో భాగిస్తే మెట్రిక్ విలువ వస్తుంది. 13 కాస్తా 2.29 అవుతుంది. ఈ గుణకాన్ని బట్టీ పట్టకుండా ఒక్కసారి స్వయంగా రాబట్టండి. చదరపు అడుగు 0.0929 చదరపు మీటర్లు, ఫారెన్‌హీట్ తేడా 5/9 కెల్విన్, గంటకు ఒక బీటీయూ అంటే 0.293 వాట్లు. మొదటి రెండింటినీ గుణించి మూడోదానితో భాగిస్తే 0.176. దీనితో గుణించడమూ 5.678తో భాగించడమూ ఒకటే. ఒకసారి చేతితో చేసినవారు గుణించాలా, భాగించాలా అని మళ్లీ తడబడరు.

దుస్తులకు వాడే క్లో, దుప్పట్లకు వాడే టాగ్ అనే యూనిట్లు కూడా ఈ కుటుంబానివే: ఒక క్లో అంటే 0.155, ఒక టాగ్ అంటే 0.1 చదరపు మీటర్-కెల్విన్/వాట్.

అపోహ: గోడకూ కిటికీకీ ఉన్న ఆర్ విలువల సగటు తీస్తే సరిపోతుంది.

వాస్తవం: ఒకదాని వెనుక ఒకటి ఉన్న పొరల నిరోధాలను కూడవచ్చు. పక్కపక్కనే ఉన్నవాటికి మాత్రం ఆర్ విలువను తలకిందులు చేసి, అంటే యూ విలువతో, సగటు తీయాలి. 90 శాతం గోడకు ఆర్ 4, 10 శాతం కిటికీకి 0.2 అనుకోండి. నేరుగా సగటు తీస్తే 3.62 వస్తుంది. యూ సగటు 0.725, అంటే అసలు ఆర్ 1.38 మాత్రమే. పదో వంతు ఉన్న కిటికీ గుండానే మొత్తం వేడిలో 69 శాతం పోతోంది.