సొమ్ము కణానిది, సోకు హెచ్‌ఐవీది

"రిపోర్టులో వైరస్ కనిపించడం లేదన్నారు కదండీ, ఇంకా ఈ మాత్రలెందుకు?" ముప్పై మాత్రల డబ్బా సంచిలో వేసుకుంటూ ఎవరైనా ఇలా అడిగితే, హెచ్‌ఐవీకి మందులిచ్చే హైదరాబాద్ ఏఆర్‌టీ కేంద్రంలోని కౌన్సెలర్‌కు అది కొత్త ప్రశ్నేమీ కాదు. "ఆపితే మళ్లీ వస్తుందమ్మా" అన్నది జవాబు. ఎక్కడి నుంచి వస్తుందన్నది మాత్రం వెనక వరస నిలబడి ఉండగా తేల్చే సంగతి కాదు. దానికి నలభై ఏళ్ల చరిత్ర ఉంది.

1983లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో ఫ్రాన్స్వాజ్ బారే-సినూసీ, లూక్ మోంటాన్యే బృందం ఈ వైరస్‌ను వేరుచేసింది. తీరా చూస్తే దానికున్న ఆస్తి తొమ్మిది జన్యువులే. మిగిలిన సరంజామా అంతా మన కణానిదే. లోపలికి వచ్చే తలుపు కణం మీదుండే సీడీ4 ప్రొటీన్ అని మరుసటి ఏడాదే తేలింది. 1987లో నేబెల్, బాల్టిమోర్ అనే శాస్త్రవేత్తలు ఇంకో సంగతి బయటపెట్టారు. రోగనిరోధక కణం పోరుకు లేచినప్పుడు దాని జన్యువులను నడిపించే ఎన్‌ఎఫ్-కప్పా-బీ ప్రొటీన్, వైరస్ స్విచ్‌ను కూడా నొక్కుతుంది. అంటే కాపలావాడు మేల్కొంటే దొంగకూ మెలకువ వస్తుందన్నమాట. మన దేశంలో ఎక్కువగా ఉన్న సి రకం వైరస్‌లో ఈ ప్రొటీన్ కూర్చునే చోట్లు సాధారణంగా మూడు. పాశ్చాత్య దేశాల్లో ఎక్కువగా కనిపించే బి రకంలో రెండే.

నాకు అన్నిటికంటే ముచ్చటగా అనిపించేది టాట్ కథ. కణంలోని యంత్రం వైరస్ జన్యువును చదవడం మొదలుపెట్టి, సుమారు 60 అక్షరాలు దాటగానే మొరాయిస్తుంది. దాన్ని ముందుకు తోసేది వైరస్ తయారుచేసుకున్న టాట్ ప్రొటీన్. అయితే టాట్ చేతులు ఖాళీ. సైక్లిన్-టీ1 అనే మన ప్రొటీన్‌ను, దానితోపాటు సీడీకే9 అనే ఎంజైమును పట్టుకొస్తేనే బండి కదులుతుంది. అమెరికాలోని సాక్ సంస్థలో క్యాథరిన్ జోన్స్ బృందం 1998లో సైక్లిన్-టీ1ను గుర్తించింది. ఎలుక కణాల్లో టాట్ ఎందుకు చతికిలపడుతుందో కూడా ఆ తర్వాత అర్థమైంది. మన సైక్లిన్-టీ1లో 261వ స్థానంలో సిస్టీన్ అనే అమైనో ఆమ్లం ఉంటే, ఎలుకలో టైరోసీన్ అనే ఇంకోటి ఉంది. ఆ ఒక్క తేడా చాలు.

డబ్బా పట్టుకున్న ఆవిడ ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరుకుతుంది. విశ్రాంతిలో ఉన్న రోగనిరోధక కణంలో సైక్లిన్-టీ1 తక్కువ, ఎన్‌ఎఫ్-కప్పా-బీ చడీచప్పుడు లేకుండా ఉంటుంది. మన డీఎన్‌ఏలో అతుక్కుపోయిన వైరస్ జన్యువు అక్కడ నోరు మెదపదు. మాత్రలు అడ్డుకునేది వైరస్ ఎంజైములను. ఏమీ తయారుచేయని వైరస్‌లో అడ్డుకోవడానికి ఏముంది? మాత్రలు ఆపాక అలాంటి కణం ఎప్పుడు మేల్కొన్నా వైరస్ మళ్లీ మొదలవుతుంది. ఇలాంటి కణాల నిల్వను 1997లో గుర్తించారు. మందులు వాడుతూ అది తనంతట తాను కరిగిపోవాలంటే 60 ఏళ్లకు పైగా పడుతుందని తర్వాత లెక్కకట్టారు.

పోనీ సీడీకే9నే ఆపేద్దామంటే, మన సొంత జన్యువులకూ అదే దిక్కు. అదే వైరస్ వాడుకునే సీసీఆర్5 అనే రెండో తలుపు లేకుండా పుట్టినవాళ్లు ఆరోగ్యంగానే ఉన్నారు కాబట్టి, దాన్ని మూసే మారవిరోక్ అనే మందు 2007లో రాగలిగింది. నిద్రపోతున్న వైరస్‌ను లేపి చంపుదామని వోరినోస్టాట్ అనే మందు ఇచ్చి చూశారు. లేచింది, నిల్వ మాత్రం తరగలేదు.

ఈ చరిత్రలో హైదరాబాద్ పేరు తాజాగా వినిపిస్తున్నది లెనకపవిర్ అనే మందుతో. వైరస్ తొడుగు మీద, మన సీపీఎస్‌ఎఫ్-6 ప్రొటీన్ వచ్చి కూర్చునే గుంటలోనే ఈ మందు దూరుతుంది. జెనరిక్ తయారీకి 2024 అక్టోబరులో దాని సొంతదారు, అమెరికా కంపెనీ గిలియడ్ లైసెన్సు ఇచ్చిన ఆరు కంపెనీల్లో డాక్టర్ రెడ్డీస్, హెటిరో మన ఊరివే. పేద దేశాలకు 2027 నుంచి ఏడాదికి 40 డాలర్లకే అందిస్తామని ఆ రెండూ ప్రకటించాయి. ఆరు నెలలకోసారి ఇంజెక్షన్ వేయించుకుంటే కొత్తగా సోకకుండా కాపాడుతుంది. కణంలో మాటుమణిగిన జన్యువు జోలికి మాత్రం అదీ వెళ్లదు.