క్యాంపస్ మాటల మీద రీసెర్చ్: అపోహలు, వాస్తవాలు

యూనివర్సిటీలో మనుషులు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకుంటారన్నది నా పరిశోధన. ఆ మాట చెప్పగానే "దాని మీద కూడా పీహెచ్‌డీ ఏంటి, అందరం మాట్లాడుకుంటూనే ఉంటాం కదా" అనేవాళ్లే ఎక్కువ. చిక్కు కూడా అక్కడే ఉంది. రోజూ చేసే పని కాబట్టి దాని గురించి అంతా తెలుసనుకుంటాం. తీరా కొలిచి చూస్తే లెక్క వేరేగా వస్తుంది.

అపోహ: మనం చెప్పేదాంట్లో పదాల వాటా 7 శాతమే. మిగతా 93 శాతం గొంతు, ముఖ కవళికలదే.

సాఫ్ట్ స్కిల్స్ క్లాసుల్లో చాలా చోట్ల ఈ అంకెతో ఒక స్లైడ్ ఉంటుంది. దీనికి మూలం మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ మెహ్రాబియన్, ఆయన సహచరులు 1967లో ప్రచురించిన రెండు చిన్న ప్రయోగాలు. ఒకదాంట్లో విడివిడి పదాలను రకరకాల స్వరాల్లో వినిపించారు. రెండోదాంట్లో 'మేబీ' అన్న ఒక్క పదాన్నే వేర్వేరు స్వరాల్లో వినిపిస్తూ ముఖాల ఫొటోలు చూపించారు. ఆ మాట అన్న మనిషికి ఎదుటివాళ్లంటే ఇష్టమా, కాదా? విన్నవాళ్లు ఊహించాల్సింది అంతే. ఈ రెండింటి ఫలితాలనూ కలిపితే పదాలకు 7, గొంతుకు 38, ముఖానికి 55 శాతం అన్న లెక్క వచ్చింది. అసలు అక్కడ ఇద్దరు మనుషుల సంభాషణే లేదు. ఇష్టాయిష్టాలు, భావాలు వ్యక్తం చేసే సందర్భం కాకపోతే ఈ సూత్రం వర్తించదని మెహ్రాబియనే చెప్పారు. పరీక్ష వాయిదా పడిందో లేదో లెక్చరర్ ముఖం చూసి 93 శాతం చెప్పేయగలిగితే నోటీసు బోర్డులతో పనేముంది? ఈ అంకెను సెమినార్ పేపర్లలో, థీసిస్ ముందుమాటల్లో చూసినప్పుడల్లా నాకు చిరాకు.

అపోహ: సర్వే పెడితే ఎవరు ఎవరితో ఎంత మాట్లాడుతున్నారో తెలిసిపోతుంది.

కొత్తగా చేరిన స్కాలర్లు ముందు చేసే పని గూగుల్ ఫారమ్ తయారు చేయడం. "గత వారం మీరు ఎవరెవరితో మాట్లాడారు?" అన్న ప్రశ్న తప్పకుండా ఉంటుంది. బెర్నార్డ్, కిల్‌వర్త్, సెయిలర్ అనే పరిశోధకులు 1970ల చివర్లో ఈ ప్రశ్నకే పరీక్ష పెట్టారు. వాళ్లు తీసుకున్న చోట్లలో విద్యార్థులు కలిసి ఉండే ఒక వసతి గృహం కూడా ఉంది. పావుగంటకోసారి ఒక పరిశీలకుడు భవనమంతా తిరిగి ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో రాసుకునేవాడు. తర్వాత అక్కడి వాళ్లనే అడిగి రెండూ పోల్చారు. ఇలాంటివి కొన్ని చేశాక, 1984 నాటికి వాళ్లు తేల్చింది ఏమిటంటే, జనం చెప్పేదాంట్లో దాదాపు సగం ఏదో ఒక రకంగా తప్పే.

మరి సర్వేలు చెత్తబుట్టలో వేయాలా? అక్కర్లేదు. 1987లో లిన్టన్ ఫ్రీమన్, కిమ్‌బాల్ రామ్నీ బృందం ఒక విశ్వవిద్యాలయంలో వరుసగా జరిగే సెమినార్‌ను తీసుకుంది. చివరిసారి ఎవరెవరు వచ్చారని, హాజరైనవాళ్లను కొన్నాళ్ల తర్వాత అడిగారు. ఆ రోజు రానివాళ్ల పేర్లు కూడా కొన్ని చెప్పారు. కానీ వాళ్లు మామూలుగా ప్రతిసారీ వచ్చేవాళ్లే. ఎప్పుడో ఒకసారి వచ్చి, ఆ రోజు నిజంగా కూర్చున్నవాళ్లను మాత్రం మర్చిపోయారు. అంటే మనకు గుర్తుండేది 'ఎప్పుడూ జరిగేది', 'ఆ రోజు జరిగింది' కాదు. కాబట్టి ఎవరు ఎవరికి దగ్గర అన్నది తెలుసుకోవాలంటే ఫారమ్ పనికొస్తుంది. నిన్న ఏం జరిగిందన్నదానికి మాత్రం దాన్ని నమ్ముకుంటే మునిగినట్టే.

అపోహ: అబ్బాయిల కంటే అమ్మాయిలు చాలా ఎక్కువ మాట్లాడతారు.

2007లో మాథియాస్ మెల్ బృందం అమెరికా, మెక్సికోల్లో 396 మంది కాలేజీ విద్యార్థుల దగ్గర చిన్న రికార్డర్లు పెట్టి లెక్కేసింది. రోజుకు మహిళలు సగటున 16,215 పదాలు, పురుషులు 15,669. తేడా ఉందని చెప్పలేనంత స్వల్పం. మనిషికీ మనిషికీ మధ్య మాత్రం తేడా విపరీతం. ఇంకా పెద్ద శాంపిల్‌తో 2025లో వచ్చిన అధ్యయనంలో 25 నుంచి 64 ఏళ్ల వయసువాళ్లలో మహిళల లెక్క ఎక్కువ కనిపించింది. కాలేజీ వయసులో అంత తేడా లేదు.

అపోహ: అభిరుచులు కలిస్తేనే స్నేహం.

కలిస్తే మంచిదే, కానీ ముందు ఎదురుపడాలి కదా. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో పెళ్లయిన విద్యార్థుల క్వార్టర్స్ మీద 1950లో వెలువడిన ఫెస్టింగర్, షాక్టర్, బ్యాక్ అధ్యయనంలో, పక్క ఇంటివాళ్లను దగ్గరి స్నేహితులుగా చెప్పినవాళ్లు 41 శాతం, వరండాకు ఆ చివరా ఈ చివరా ఉన్నవాళ్లలో 10 శాతం. హాస్టల్ రూముల కేటాయింపు గుమాస్తా పని అనుకుంటాం గానీ, సగం స్నేహాలు ఆ లిస్టులోనే తేలిపోతాయని నా అనుమానం.

అపోహ: "డౌట్స్ ఉన్నాయా?" అంటే ఎవరూ చెయ్యెత్తలేదు, కాబట్టి అందరికీ అర్థమైంది.

డేల్ మిల్లర్, కేథీ మెక్‌ఫార్లండ్ అనే పరిశోధకులు 1987లో విద్యార్థులకు కావాలనే కొరుకుడుపడని వ్యాసం ఇచ్చి, అర్థం కాకపోతే వచ్చి అడగమన్నారు. ఎవరూ రాలేదు. నేను అడగనిది సిగ్గుపడి, పక్కవాళ్లు అడగనిది అర్థమై. ప్రతివాడి లెక్కా ఇదే!

అపోహ: రికార్డింగ్ దొరికితే చాలు, టైప్ చేయిస్తే డేటా రెడీ.

ఇలాంటి ముక్క ఒకటి చూడండి.

స్కాలర్: సార్, మూడో చాప్టర్ పంపాను... ఈ వారంలో చూస్తారా?
(0.9)
గైడ్: ఆఁ... చూద్దాం.
స్కాలర్: పర్లేదు సార్, తొందరేం లేదు.

మధ్యలో ఉన్న 0.9 ఆ మౌనం ఎన్ని సెకన్లో చెబుతుంది. బయట ఇచ్చి టైప్ చేయిస్తే ముందు ఎగిరిపోయేది అదే, తర్వాత 'ఆఁ'. అవి లేకపోతే గైడ్ ఒప్పుకున్నట్టు, స్కాలర్ ఊరికే మర్యాదకు ఒక మాట అన్నట్టు కనిపిస్తుంది. పది భాషలను పోల్చి 2009లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం ప్రశ్నకూ జవాబుకూ మధ్య విరామం సగటున సెకనులో ఐదో వంతు. ఔననే జవాబులు త్వరగా వస్తాయి, కాదనేవి ఆలస్యమవుతాయి. దాదాపు సెకను ఆగితే అవతలి మనిషికి విషయం అర్థమైపోతుంది. స్కాలర్ చివరి మాట ఆ మౌనానికి జవాబు. గంట రికార్డింగ్‌ను ఇలా రాయడానికి రోజులు పడుతుంది, దీనికి షార్ట్‌కట్ లేదు.

అపోహ: అందరూ మన క్యాంపస్ వాళ్లే, సమ్మతి పత్రం ఒక ఫార్మాలిటీ.

మన క్యాంపస్ వాళ్లు కాబట్టే అది ఫార్మాలిటీ కాకూడదు. గైడ్ సొంత క్లాసులోనే ఫారాలు పంచితే వద్దనేవాళ్లు ఎంతమంది? ఇంటర్నల్ మార్కులు ఆయన చేతిలోనే ఉన్నాయి కదా. ఎథిక్స్ కమిటీలు మొదట అడగాల్సింది ఇదే. పేర్లు తీసేసినంత మాత్రాన సరిపోదు కూడా. చిన్న డిపార్ట్‌మెంటులో "రెండో ఏడాది స్కాలర్, మహిళ" అని రాస్తే ఆ వరండాలో నడిచే ప్రతి ఒక్కరికీ ఎవరో తెలిసిపోతుంది. నేనైతే ఫారాలు పంచే పని ఆ విద్యార్థులకు మార్కులు వేయని మనిషికి అప్పగిస్తాను. కాదన్నవాళ్ల పేర్లు గైడ్‌కు చేరవని ఫారంలోనే రాస్తాను.