ఒక్క గుంతకు రెండు కుదుపులు

హనుమకొండ నుంచి రామప్పకు పోతూ బైక్ హ్యాండిల్‌కు కెమెరా బిగించాను. ఇంటికొచ్చి ఆ వీడియోలోని వణుకు తీసేద్దామని కంప్యూటర్ ముందు కూర్చుంటే, తీసేశాక అసలు దానికన్నా ఘోరంగా తయారైంది. గుంత ఇంకా రాకముందే తెర ఉలిక్కిపడుతోంది. బండి నిజంగా గుంతలో పడ్డప్పుడు మళ్లీ ఎగురుతోంది. పొరపాటు నాదే. సింక్ చేయకుండా, అంటే వీడియోనూ కెమెరా కదలికల లెక్కనూ క్షణానికి క్షణం జత కలపకుండా వదిలేశాను.

ఇప్పటి యాక్షన్ కెమెరాల్లో, ఫోన్లలో గైరోస్కోప్ అనే చిన్న సిలికాన్ చిప్ ఉంటుంది. అందులో కంటికి కనబడనంత సన్నని భాగాలు ఎప్పుడూ కంపిస్తూనే ఉంటాయి. కెమెరా తిరిగితే ఆ కంపనం కాస్త పక్కకు తప్పుతుంది. ఎంత తప్పిందో కొలిచి, ఎంత వేగంగా తిరిగామో చిప్ లెక్కగడుతుంది, అదీ సెకనుకు వందల సార్లు. సాఫ్ట్‌వేర్ ఆ లెక్క చూసి, ప్రతి ఫ్రేమునూ, అంటే వీడియోలోని ఒక్కో బొమ్మనూ, అంతే కోణం వెనక్కి తిప్పుతుంది. పని ఇంతే. కాకపోతే ఏ లెక్క ఏ ఫ్రేముదో తెలియాలి. బటన్ ఒకటే నొక్కినా బొమ్మ, గైరో ఒకే క్షణంలో మొదలవుతాయన్న నమ్మకం లేదు.

తేడా ఒక్క ఫ్రేమే అనుకుందాం. 4కే వీడియో వెడల్పు 3,840 పిక్సెళ్లు. లెన్స్ అడ్డంగా 90 డిగ్రీలు చూస్తే, బొమ్మ మధ్యలో ఒక డిగ్రీ అంటే సుమారు 33 పిక్సెళ్లు. గుంతలో కెమెరా సెకనుకు 60 డిగ్రీల వేగంతో ఊగితే, సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో ఒక్క ఫ్రేమ్ ఆలస్యానికి రెండు డిగ్రీలు, అంటే 65 పిక్సెళ్ల పైమాటే. నా వీడియోలో తేడా పావు సెకను!

దీన్ని సరిచేసే పద్ధతి నాకు భలే నచ్చింది. సాఫ్ట్‌వేర్ వరుస ఫ్రేముల్లో కరెంటు స్తంభం, కిలోమీటరు రాయి, చెట్టు మొదలు లాంటి గుర్తులు పట్టుకుని, అవి జరిగిన తీరును బట్టి కెమెరా ఎటు తిరిగి ఉంటుందో ఊహిస్తుంది. ఆ ఊహ ఒక గీత, గైరో చెప్పింది ఇంకో గీత. ఒకదాని మీద ఒకటి పెట్టి, ఎగుడుదిగుళ్లు కలిసేదాకా జరుపుతుంది. ఉచితంగా దొరికే గైరోఫ్లో అనే సాఫ్ట్‌వేర్ చేసేదీ ఇదే. అయితే కెమెరాను కదలకుండా పెడితే గీత చదునుగా వస్తుంది, ఎటు జరిపినా కలిసినట్టే ఉంటుంది. అందుకే షూటింగ్ మొదట్లో కెమెరాను కావాలని రెండుసార్లు ఊపాలి.

ఇక వేయిస్తంభాల గుడి దగ్గర బతుకమ్మ ఆట తీశారనుకోండి. ఫ్రేమ్ నిండా ఆడవాళ్లు ఒకే వైపు తిరుగుతుంటే, గుర్తులన్నీ వాళ్లతోపాటే జరుగుతాయి. కదలని కెమెరా కూడా పక్కకు తిరిగిందని సాఫ్ట్‌వేర్ పొరబడుతుంది. గుడి రాళ్లు కనబడే ముక్కను సింక్‌కు ఎంచుకోవడం మంచిది.

ఒక్కచోట కలిపితే సరిపోదు కూడా. బొమ్మకూ గైరోకూ ఉన్న రెండు గడియారాల నడకలో పది లక్షలకు 50 వంతుల తేడా ఉన్నా, పది నిమిషాల్లో 30 మిల్లీసెకన్లు, దాదాపు ఒక ఫ్రేమ్ అవుతుంది. అందుకే నేను మొదట్లోనూ చివర్లోనూ కలిపాను.

రెండు కుదుపులూ పోయాయి. పొద్దుగూకాక తీసిన ముక్కలోనూ రోడ్డు నిలకడగానే ఉంది. కానీ వెలుతురు తక్కువై షట్టర్ ఎక్కువసేపు తెరుచుకోవడంతో, గుంత వచ్చినప్పుడల్లా కిలోమీటరు రాయి మీది అక్షరాలు అలుక్కుపోయి మళ్లీ తేటపడుతున్నాయి. ఆ మసకను ఏ సింకూ తీయలేదు.