గుండెలో గడ్డకు చిన్న కోత ఆపరేషన్: అపోహలు - వాస్తవాలు

అపోహ: గుండెలో గడ్డ అంటే క్యాన్సరే.

పెద్దవాళ్లలో గుండెలోనే పుట్టే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. తరచుగా కనిపించేది మిక్సోమా అనే గడ్డ. చాలావరకు ఎడమ కర్ణికలో (గుండె పై గదిలో), రెండు కర్ణికల మధ్య గోడకు కాడతో వేలాడుతూ పెరుగుతుంది. (వేరే అవయవాల క్యాన్సర్ గుండెకు పాకితే అది వేరే కథ.)

అపోహ: క్యాన్సర్ కాదు కదా, మందులతో కరిగించొచ్చు.

మందులకు కరిగేది రక్తపు గడ్డ. మిక్సోమా కరగదు. ఎకోలో (గుండె స్కానింగ్‌లో) ఒక్కోసారి రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి ఈ గందరగోళం. మిక్సోమా ముక్క ఊడి మెదడుకు చేరితే పక్షవాతం రావచ్చు. అందుకే నిర్ధారణ అయ్యాక వాయిదా వేయం. పసిపిల్లల్లో వచ్చే రాబ్డోమయోమా అనే గుండె గడ్డ మాత్రం తరచూ దానంతట అదే తగ్గిపోతుంది. ఇబ్బంది పెట్టనంతవరకు దాని జోలికి వెళ్లం.

అపోహ: చిన్న కోత కాబట్టి చిన్న ఆపరేషన్, గుండె ఆపక్కర్లేదు.

సర్జన్‌గా నేను ఎక్కువసేపు వివరించాల్సి వచ్చేది ఇదే. చిన్నదయ్యేది పైన కోత మాత్రమే. రొమ్ము ఎముకను కోయకుండా, కుడి పక్కటెముకల సందులో 5-6 సెంటీమీటర్లు కోస్తాం. గజ్జల్లోని రక్తనాళాల ద్వారా హార్ట్ లంగ్ మెషీన్‌కు (ఆపరేషన్ సమయంలో గుండె, ఊపిరితిత్తుల పని చేసే యంత్రానికి) కలిపి, గుండెను ఆపి, కర్ణికను తెరుస్తాం. అప్పటిదాకా గుండెను వీలైనంత కదపం, ఎందుకంటే గడ్డ ముట్టుకుంటే చిట్లేలా ఉంటుంది. కాడ అంటుకున్న చోట గోడను కూడా కొంచెం కలిపి కోసి, గడ్డను చిన్న సంచిలో వేసి బయటికి తీస్తాం. గోడలో పడ్డ రంధ్రాన్ని గుండె చుట్టూ ఉండే సంచి లాంటి పొర ముక్కతో మూస్తాం. 1954లో స్టాక్‌హోమ్‌లో సర్జన్ క్లారెన్స్ క్రాఫోర్డ్ మొదటిసారి మిక్సోమాను విజయవంతంగా తీసిందీ హార్ట్ లంగ్ మెషీన్ సాయంతోనే.

రోబోతో చేసినా ఇంతే. దాని చేతులను కదిలించేది కన్సోల్ (రోబోను నడిపే బల్ల) దగ్గర కూర్చున్న సర్జనే.

అపోహ: అడిగితే ఎవరికైనా చిన్న కోతతో చేస్తారు.

కుడి ఊపిరితిత్తి ఛాతీ గోడకు అతుక్కుపోయినా, గజ్జల్లో నాళాలు పూడుకుపోయినా, బృహద్ధమని కవాటం బాగా లీకవుతున్నా నేను రొమ్ము ఎముకను కోసే పాత పద్ధతే చెబుతాను. మధ్యలో అవసరమైతే పెద్ద కోతకు మారతాం. దానికి ముందే సంతకం తీసుకుంటాం. ఎముక అతుక్కునేదాకా ఆగే పని లేదు కాబట్టి చిన్న కోతవాళ్లు త్వరగా పనుల్లో పడతారు. మొదటి రోజుల్లో పక్కటెముకల దగ్గర నొప్పి మాత్రం గట్టిగానే ఉంటుంది, అది ముందే చెప్పేస్తాను.

అపోహ: తీసేశాక ఇక రాదు.

చాలామందికి రాదు. కార్నీ కాంప్లెక్స్ అనే వంశపారంపర్య సమస్య ఉన్నవాళ్లలో తిరిగొచ్చే అవకాశం ఎక్కువ. అందుకే ఆపరేషన్ తర్వాత కూడా ఏటా ఎకో చేయించమంటాం. చిన్న వయసులో వచ్చినా, ఒకటికి మించి గడ్డలున్నా ఇంట్లోవాళ్లకూ చేయించాలి.