ఆడపిల్లల ఆటలు, గాయాలు: అపోహలు - వాస్తవాలు

స్కూలు జట్లలో, గురుకులాల్లో కబడ్డీ, ఖోఖో, హ్యాండ్‌బాల్ ఆడే అమ్మాయిలకు ఫిజియోథెరపీ చేయడం నా పని. మోకాలు వాచిన పిల్లను తీసుకొచ్చే తల్లిదండ్రులు, కొన్నిసార్లు పీఈటీలు కూడా, ముందుగా అనే మాట ఒకటే: "ఆడపిల్ల ఒళ్లు కదా మేడమ్, తట్టుకోలేదు." ఆ మాట నమ్మితే ఇక మిగిలేది ఆట మాన్పించడమే. గాయానికి అసలు కారణాలు వేరే ఉన్నాయి, వాటిలో చాలావాటిని మనం మార్చగలం.

అపోహ: ఆడపిల్లల మోకాళ్లు పుట్టుకతోనే బలహీనం, ఏమీ చేయలేం.

మోకాలి మధ్యలో తొడ ఎముకనీ కాలి ఎముకనీ పట్టి ఉంచే లిగమెంట్ ఒకటి ఉంది. ఏసీఎల్ అంటారు. ఒకే ఆట ఆడే అబ్బాయిలతో పోలిస్తే అమ్మాయిల్లో అది తెగడం రెండు నుంచి ఎనిమిది రెట్లు ఎక్కువని వేర్వేరు అధ్యయనాల్లో తేలింది. ఆ తేడా నిజమే, కాదనను. అయితే ఎలా తెగుతోందో చూడండి. ఎక్కువసార్లు ఎదుటివాళ్లు ఢీకొట్టకుండానే తెగుతుంది. ఎగిరి నేల మీద దిగేటప్పుడు, పరుగులో ఒక్కసారిగా ఆగి తిరిగేటప్పుడు, రైడర్ మధ్యగీత వైపు మళ్లే క్షణంలో, ఖోఖోలో పోల్ దగ్గర తిరిగేటప్పుడు. ఆ క్షణంలో మోకాలు పెద్దగా వంగకుండా, లోపలి వైపుకి పడిపోతుంది.

కటి ఎముక వెడల్పు, హార్మోన్లు వంటి వాటి పాత్ర మీద పరిశోధన నడుస్తూనే ఉంది. వాటిని మనం మార్చలేం. దిగే పద్ధతిని మార్చగలం. యుక్తవయసులో అబ్బాయిలకు ఎత్తుతో పాటు కండా బాగా పెరుగుతుంది. అమ్మాయిలకు ఎత్తూ బరువూ పెరిగినంతగా కండ పెరగదు. సరిగ్గా కండకు పని చెప్పాల్సిన ఆ వయసులోనే, పెద్దమనిషి అయిందని ఇంట్లో పరుగులూ దూకడాలూ మాన్పిస్తాం. రెండేళ్ల తర్వాత హాస్టల్లో ఎత్తుగా ఉందని జట్టులోకి తీసుకుని నేరుగా మ్యాచ్ ఆడిస్తాం. తొడ వెనక కండరాలకు, పిరుదు కండరాలకు ఆ రెండేళ్లలో ఏ శిక్షణా లేదు. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఎక్కువమంది కథ ఇదే.

స్వీడన్‌లో 12 నుంచి 17 ఏళ్ల ఫుట్‌బాల్ అమ్మాయిలు 4,564 మందితో చేసిన అధ్యయనం 2012లో వచ్చింది. వారానికి రెండుసార్లు, 15 నిమిషాల వార్మప్ చేయించిన జట్లలో ఏసీఎల్ గాయాలు 64 శాతం తగ్గాయి. చేయించినవి ఇవీ: ఒంటికాలి మీద గుంజీ, రెండు కాళ్ల గుంజీ, వెల్లకిలా పడుకుని నడుము పైకెత్తడం, మోచేతుల మీద ఒంటిని నిటారుగా నిలిపే ప్లాంక్, ముందుకు అడుగేసి కూర్చునే లంజ్, ఎగిరి మెత్తగా దిగడం. ఏ పరికరాలూ అక్కర్లేదు, మట్టి గ్రౌండ్ చాలు. కోచ్ ఎదురుగా నిలబడి ఒక్కటి చూస్తే చాలు, మోకాలు పాదం మీదుగా నేరుగా ఉందా, లోపలికి వాలుతోందా అని.

గ్రౌండ్ చుట్టూ రెండు రౌండ్లు పరిగెత్తించి, నిలబడి కాళ్లు సాగదీస్తే వార్మప్ అయిపోయిందనుకోవడం కూడా అపోహే. దానితో ఒళ్లు వేడెక్కుతుంది, దిగడం మాత్రం రాదు.

అపోహ: బరువులు ఎత్తితే అమ్మాయిలు మగరాయుళ్లలా అయిపోతారు, ఎత్తు పెరగరు.

కాదు. అంత కండ పెరగడానికి కావాల్సినంత టెస్టోస్టిరాన్ అనే హార్మోన్ వాళ్ల ఒంట్లో ఉండదు. పక్కన నేర్పేవాళ్లు ఉండి, తక్కువ బరువుతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోతే ఎత్తుకూ ఏమీ కాదు.

అపోహ: ఎక్స్‌రేలో ఏమీ లేదు కాబట్టి బెణుకే. నూనె రాసి కట్టు కట్టిస్తే సరి.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది, లిగమెంట్ కనిపించదు. మోకాలిలో "టప్"మన్నట్టు అనిపించి, కొన్ని గంటల్లోనే వాచి, తర్వాత నడుస్తుంటే మోకాలు జారిపోతున్నట్టు ఉంటే ఏసీఎల్ అని అనుమానించాలి. మోకాలిని చేత్తో కదిపి పరీక్షించగల ఎముకల డాక్టరుకి చూపించాలి, ఆయన చెబితే ఎమ్మారై తీయించాలి. మొదటి రోజుల్లో నూనె పోసి గట్టిగా మర్దన చేస్తే వాపు ఇంకా పెరుగుతుంది. నాటు కట్టుతో కీలు మధ్యలో తెగిన లిగమెంట్ అతకదు. రెండు వారాలకు నొప్పి తగ్గుతుంది, పిల్ల మళ్లీ ఆడుతుంది, పట్టులేని మోకాలు మళ్లీ జారుతుంది. ఈసారి లోపలి మెత్తలాంటి మెనిస్కస్ కూడా చిరుగుతుంది. ఒక గాయం రెండవుతుంది.

"ఆపరేషన్ మచ్చ పడితే రేపు పెళ్లికి ఇబ్బంది" అని తల్లులు గొంతు తగ్గించి అడుగుతారు. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఇప్పుడు ఎక్కువగా చిన్న రంధ్రాల్లోంచే చేస్తారు, కొత్త లిగమెంట్ కోసం టెండన్ (కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడులాంటి భాగం) తీసుకునే చోట మాత్రం చిన్న కోత ఉంటుంది. అందరికీ ఆపరేషన్ అవసరం కూడా లేదు. కానీ ముప్పై ఏళ్లకే మెట్లెక్కలేని మోకాలితో పోలిస్తే ఆ మచ్చ పెద్ద విషయం కాదమ్మా అని చెబుతాను.

అపోహ: ప్రాక్టీస్ ఎక్కువైతే నెలసరి ఆగడం మామూలే, పైగా హాయి.

నెలసరి ఆగిందంటే తినే తిండి చేసే శ్రమకు చాలడం లేదేమోనని అనుమానించాలి. తిండి చాలకపోతే ఒళ్లు ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తయారీ తగ్గిస్తుంది, దాంతో ఎముక పలచబడుతుంది, పాదంలోనో కాలి ఎముకలోనో సన్నటి పగులు వస్తుంది. అదే స్ట్రెస్ ఫ్రాక్చర్. ఎముక గట్టిపడేదంతా దాదాపు ఈ వయసులోనే, పోగొట్టుకుంటే తర్వాత పూర్తిగా రాదు. ఇలా శ్రమకు తిండి చాలకపోవడానికి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో రెడ్-ఎస్ అని పేరు పెట్టి, ఎముకలతో పాటు ఒళ్లంతటి మీదా దీని దెబ్బ ఉంటుందని చెప్పింది.

మన హాస్టళ్లలో తెల్లవారుజామున ఖాళీ కడుపుతో, మహా అయితే టీ తాగి, ప్రాక్టీసుకి వస్తారు. జూనియర్ కబడ్డీలో బరువు పరిమితి ఉంది కాబట్టి మీట్ ముందు రాత్రి అన్నం మానేస్తారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. ప్రాక్టీసుకి ముందు ఒక అరటిపండు, అవగానే గుడ్డో పల్లీ ఉండో ఇవ్వండి. మూడు నెలలు వరసగా నెలసరి రాకపోయినా, 15 ఏళ్లు నిండినా మొదలవకపోయినా డాక్టరుకి చూపించండి. గర్భం వంటి వేరే కారణాలు ఉన్నాయేమో కూడా ఆవిడే చూస్తారు. ఈ మాట పీఈటీ సార్‌తో చెప్పడానికి పిల్లలు సిగ్గుపడతారు, వార్డెన్ మేడమ్ అయినా అడగాలి.

ఇక నెలసరి రోజుల్లో ఆడితే గర్భసంచి జారిపోతుందన్నది పూర్తిగా అబద్ధం. ఒంట్లో బాగుంటే ఆడొచ్చు, కడుపునొప్పి ఎక్కువగా ఉంటే మానొచ్చు. అది ఆ అమ్మాయి ఇష్టం.

అపోహ: నొప్పి ఉన్నా ఆడేవాళ్లే ఛాంపియన్లు.

2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో పి.వి. సింధు కాలినొప్పితోనే స్వర్ణం గెలిచింది. అందరికీ గుర్తున్నది అది. ఆ తర్వాత స్ట్రెస్ ఫ్రాక్చర్ అని తేలింది. అదే నెలలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కి ఆమె వెళ్లలేదు, 2023 జనవరిలో గానీ కోర్టులోకి రాలేదు. మన పిల్లలకు చెప్పాల్సింది ఈ రెండో సగం. ఒకే చోట వేలు పెట్టి చూపించగల ఎముక నొప్పి, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే ఆ రోజే ఆట ఆపాలి.

అపోహ: ఏసీఎల్ ఆపరేషన్ అయిన ఆరు నెలలకు ఆడేయొచ్చు.

"వచ్చే నెల సెలెక్షన్స్ ఉన్నాయి మేడమ్, మోకాలికి నీక్యాప్ వేసి పంపండి" అని అడుగుతారు. స్పోర్ట్స్ కోటా సీటు దాని మీదే ఆధారపడి ఉంటుందని నాకు తెలుసు, ఆ టెన్షన్ చిన్నది కాదు. అయినా పంపను. నార్వేలో చేసిన అధ్యయనంలో, తొమ్మిది నెలల వరకు ఆగిన ఒక్కో నెలకూ మోకాలు మళ్లీ దెబ్బతినే ప్రమాదం దాదాపు సగం చొప్పున తగ్గింది. తొమ్మిది నెలలు నిండినా క్యాలెండర్ చూసి పంపేయడం కాదు. ఆపరేషన్ అయిన కాలితో ఒంటికాలి గెంతు ఎంత దూరం పోతోంది, తొడ ముందు కండరం బలం ఎంత ఉంది అని కొలుస్తాం. రెండూ బాగున్న కాలితో పోలిస్తే 90 శాతం దాటాలి. దాటకపోతే ఇంకో నెల వ్యాయామం చేయించి మళ్లీ కొలుస్తాం.