విద్యా విధాన పరిశోధన: అపోహలు - వాస్తవాలు

అపోహ: బీఈడీ, ఎంఈడీ చేసినవాళ్లకే ఈ పని.

వాస్తవం: అర్థశాస్త్రం, గణాంకశాస్త్రం, సమాజశాస్త్రం, ఏ దారినైనా రావచ్చు. క్షేత్రస్థాయి ఉద్యోగాలకు చాలాచోట్ల పీజీ చాలు. సొంతంగా అధ్యయనం నడపాలంటే మాత్రం పీహెచ్‌డీ అడుగుతారు. బడిలో పాఠం చెప్పిన అనుభవం ఏ డిగ్రీకీ తీసిపోదు.

అపోహ: సాఫ్ట్‌వేరు వస్తే చాలు, అంకెలే మాట్లాడతాయి.

వాస్తవం: అంకెల వెనక ఏం మారిందో తెలియాలి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. అమలాపురం కోనసీమ జిల్లాకు వెళ్లింది, కాకినాడ విడి జిల్లా అయింది, పాత పశ్చిమ గోదావరిలోని కొవ్వూరు, నిడదవోలు తూర్పు గోదావరిలో కలిశాయి. యూడైస్ (కేంద్ర విద్యాశాఖ ఏటా సేకరించే బడుల లెక్కలు) పట్టికల్లో ‘తూర్పు గోదావరి’ పేరు పట్టుకుని విభజనకు ముందూ తర్వాతా లెక్కలు పక్కపక్కన పెడితే లక్షల మంది పిల్లలు బడి మానేసినట్టు కనబడుతుంది. మారింది సరిహద్దు. మండలాల వారీగా విడదీసి, పాత జిల్లా ప్రకారం మళ్లీ కూడుకోవాలి. ఈ ఒక్క పొరపాటుతో మంచి నివేదికలు కూడా పనికిరాకుండా పోతాయి.

అపోహ: ఎక్కువ ఇళ్లు తిరిగితే ఫలితం నిజమే అవుతుంది.

వాస్తవం: అసర్ (పల్లె పిల్లల చదువు ఎలా ఉందో ఇంటింటికీ వెళ్లి చూసే సర్వే)లో ఊరిని నాలుగు భాగాలు చేసి, ఒక్కో భాగంలో ఐదేసి, మొత్తం 20 ఇళ్లు చూస్తారు. ప్రతి ఐదో ఇల్లూ ఎంచుకుంటారు. గోదావరి డెల్టాలో ఊళ్లు చాలావరకు కాలవగట్టు పొడవునా సాగి ఉంటాయి. గట్టు వెంట నడుచుకుంటూ పోతే రొయ్యల చెరువు మీద కాపలా ఉండే కుటుంబం, రేవు దాటాల్సిన లంక ఇళ్లు లెక్కలోకే రావు. వాళ్లని వదిలేసి 200 ఇళ్లు తిరిగినా తప్పు తప్పే. అందుకే ముందు ఊరంతా ఓ చుట్టు తిరిగి, చెరువుల మీద, రేవు అవతల ఎవరుంటున్నారో అడిగి మరీ పటం గీయాలి. రోజుల ఎంపికా అంతే: వరదల రోజుల్లో హాజరు తీస్తే అది ఏడాది హాజరు కాదు.

అపోహ: ఇంగ్లీషు ప్రశ్నలని తెలుగులోకి మారిస్తే సరి.

వాస్తవం: “మీ అబ్బాయి బడికెళ్తున్నాడాండీ?” అంటే “ఆయ్, వెళ్తన్నాడండి” అనే చెబుతారు. “నిన్న వెళ్లాడా? మొన్న? పోయిన వారం ఎన్ని రోజులు?” అని అడిగితేనే అసలు సంగతి బయటపడుతుంది. పిల్లలకు చదవడం వచ్చో లేదో చూడటానికి వాళ్లచేత చదివించే పేరా కూడా తెలుగులోనే పుట్టాలి. ఇంగ్లీషులో ‘మూన్’ తేలిక మాట, ‘చంద్రుడు’లో మాత్రం ‘ద’కి రావత్తు, కొమ్ము రెండూ ఒకేచోట పడతాయి. ఒకటో తరగతి స్థాయి పేరాలో అది ఉంటే పిల్లాడు అక్కడే ఆగిపోతాడు, మనం ‘చదవలేడు’ అని రాసేస్తాం. ‘జాబిల్లి’ అయితే ‘ల’ కింద అదే ‘ల’ వత్తు.